చదువుల్లో అంతరం తగ్గించే టెక్నాలజీ మీద పరిశోధన: ఎక్కడ చేయాలి, ఏం అడగాలి

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ముందు చెప్పేస్తాను. నల్లగొండ జిల్లాలో జడ్పీ హైస్కూల్, తెలుగు మీడియం, తర్వాత బీటెక్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవం. తెలుగులో మాట్లాడే ఏఐ ట్యూటర్ ఒకటి తయారుచేసి ప్రభుత్వ బడి పిల్లలకీ కార్పొరేట్ స్కూళ్ల పిల్లలకీ మధ్య ఉన్న తేడా తగ్గించాలని మీ ఆలోచన. దానికి అమెరికాలో ఎంఎస్ మంచిదా, ఇక్కడే పీహెచ్‌డీ మంచిదా, కోడింగ్ వాళ్లని ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్లు తీసుకుంటాయా, ఇంతా చేశాక ఉద్యోగం ఉంటుందా అని అడిగారు. నేను ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు అప్లికేషన్లు చదివే వైపు కూర్చున్నాను కాబట్టి మొహమాటం లేకుండానే చెప్తాను.

మీరు రాసినట్టే ఎస్‌ఓపీ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్తూ అప్లికేషన్‌తో పంపే వ్యాసం) రాస్తే ఇంటర్వ్యూ పిలుపు రావడం కష్టం. ఐడియా చెడ్డదని కాదు. మీరు తయారుచేయబోయే వస్తువు గురించి అందులో బోలెడంత ఉంది, మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. గ్రామీణ విద్యార్థుల కోసం ఏఐ యాప్ అనే అప్లికేషన్లు ప్రతి ఏడాదీ కుప్పలుగా వస్తాయి, వాటిలో చాలావరకు ఒకే ఊహ మీద నిలబడి ఉంటాయి: ఆ పిల్లలకి మంచి పాఠం దొరకడం లేదు, దొరికితే తేడా పోతుంది. ఆ ఊహని చాలాచోట్ల పరీక్షించి చూశారు, చాలాచోట్ల అది నిలబడలేదు కూడా.

పెరూలో ఒక్కో పిల్లాడికి ఒక్కో ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని 319 గ్రామీణ బడుల్లో పరిశీలించారు. కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు మాత్రం కదల్లేదు. హార్వర్డ్, ఎంఐటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల డేటా తీసి 2015లో చూస్తే, అమెరికాలో వాటిలో చేరుతున్న కుర్రాళ్లు ఎక్కువగా కలిగినవాళ్ల పేటలవాళ్లే అని తేలింది, కోర్సు పూర్తిచేసే దగ్గర కూడా వాళ్లదే పైచేయి. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ల్యాబ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన కెంటారో తోయామా ఏళ్ల తరబడి చెప్తున్నది ఇదే, టెక్నాలజీ ఉన్న శక్తిని పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు అని. ఇంట్లో కూర్చోబెట్టి చదివించే అమ్మ, సందేహం తీర్చే అన్న, బడిలో పట్టించుకునే సారు ఉన్న పిల్లకి ట్యాబ్ ఇస్తే ఇంకా ముందుకెళ్తుంది. ఇవేవీ లేని ఇంట్లో అదే ట్యాబ్‌లో వారం తిరిగేసరికి రీల్స్ ఆడుతుంటాయి. అంటే మీ యాప్ బ్రహ్మాండంగా పనిచేసినా అంతరం పెరగొచ్చు, ఇది గుర్తుపెట్టుకోండి. సగటు మార్కులు పెరిగాయని ఎవరైనా చెప్తే, ఎవరి మార్కులు పెరిగాయి అని అడగాలి. నా దృష్టిలో ఈ రంగంలో అసలు పరిశోధన అక్కడే మొదలవుతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మౌస్‌ది. 2000ల మధ్యలో మన పల్లెటూరి బడుల్లో ఒక్క కంప్యూటర్ చుట్టూ నలుగురైదుగురు పిల్లలు మూగేవాళ్లు. ఆ బెంగళూరు ల్యాబ్ వాళ్లు పాఠాన్ని వదిలేసి మౌస్ ఎవరి చేతిలో ఉందో చూశారు. ఒక్క పిల్లాడే పెత్తనం చేస్తాడు, మిగతావాళ్లు ప్రేక్షకులు. అప్పుడు ఒకే కంప్యూటర్‌కి నాలుగైదు మౌస్‌లు తగిలించి, తెర మీద ఒక్కొక్కరికీ ఒక్కో రంగు గుర్తు ఇచ్చి, ఇంగ్లిష్ పదాలు నేర్పే ఆట పెట్టారు. మల్టీపాయింట్ అని దాని పేరు. ఎవరు ముందు నొక్కితే వాళ్లదే అని పోటీ పెడితే పిల్లలు, అందులోనూ మగపిల్లలు, చదవకుండా టకటకా నొక్కేశారు. అందరూ సరైన జవాబు నొక్కితేనే తెర కదిలేలా మార్చాక, ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటర్ ఇచ్చినప్పటికి దగ్గరగా నేర్చుకున్నారు. అదనపు ఖర్చు నాలుగు మౌస్‌లు! ఇందులో గొప్ప అల్గారిథం ఏమీ లేదు చూడండి, ఎవరో వెళ్లి ఆ గదిలో ఓ మూల కూర్చుని చూశారు, అంతే. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఈ చూడటం అనే పనిని చిన్నచూపు చూసే ప్రమాదం ఉంది, అందుకే ఇంతసేపు చెప్పాను.

టెక్నాలజీ పనిచేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని ఇంకా జాగ్రత్తగా చదవాలి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. లాటరీ తీసి, పేరు వచ్చిన పిల్లలకి బడి అయ్యాక సెంటర్లో సీటు ఇచ్చారు, మొత్తం 619 మంది మీద పరిశీలన. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర తేడా వచ్చింది, ఈ రంగంలో అది చాలా పెద్ద లాభం. అందరూ ఈ అంకె చదివి ఆగిపోతారు. అసలు సంగతి ఆ పేపర్ లోపల ఉంది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు ఇంకా పెరిగింది. సారు మాత్రం ఆరో తరగతి సిలబస్సే చెప్తారు, చెప్పక తప్పదు. ఆ సెంటర్లకి వెళ్లనివాళ్లలో అట్టడుగున ఉన్న పిల్లలు ఆ కాలమంతా బడికి వెళ్లి కూడా దాదాపు ఏమీ నేర్చుకోలేదు. సాఫ్ట్‌వేర్ చేసింది ఒక్కటే, పిల్ల నిజంగా ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టడం. అందుకే పోల్చి చూస్తే ఎక్కువ మేలు జరిగింది వెనకున్నవాళ్లకి.

ఇంకొకటి కూడా ఉంది. ఇంత లాభం వచ్చినా బడి పరీక్షల్లో లెక్కల మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. నాలుగో తరగతి స్థాయి నుంచి ఆరుకి ఎదిగిన పిల్లాడికి ఎనిమిదో తరగతి పేపర్ ఇస్తే ఆ ఎదుగుదల అందులో ఎక్కడ కనిపిస్తుంది? వాళ్ల నాన్నకీ కనబడదు, హెచ్‌ఎంకీ కనబడదు, డీఈఓ రివ్యూ మీటింగ్‌లో అసలే కనబడదు. ఈ ఒక్క చిక్కు మీదే మంచి పీహెచ్‌డీ చేయొచ్చు. మన బడుల్లో ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఎఫ్‌ఏ, టర్మ్ చివర పెట్టే ఎస్‌ఏ పరీక్షలు అంతే, తరగతి సిలబస్‌ని కొలుస్తాయి, పిల్లని కొలవవు.

ఆ సెంటర్లు బడి వేళలు అయ్యాక నడిచాయన్నది కూడా చిన్న విషయం కాదు. గుజరాత్‌లో లీ లిండెన్ ఒకే సాఫ్ట్‌వేర్‌ని రెండు రకాలుగా పెట్టి చూశాడు, క్లాసు మానిపించి కంప్యూటర్ ముందు కూర్చోబెడితే పిల్లలు నష్టపోయారు, బడి తర్వాత అదనంగా ఇస్తే లాభపడ్డారు. కోడ్ అదే, టైమ్‌టేబుల్‌లో చోటు మారింది, ఫలితం తలకిందులైంది.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. కరోనాలో తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకీ వాళ్ల టీచర్లకీ పాఠాలు ఎక్కించిన ట్యాబ్‌లు 5 లక్షలకు పైగా పంచారు. వీటి మీద పొగడ్తలూ తిట్లూ చాలా విన్నాం, రాజకీయం పక్కన పెడితే పరిశోధకుడు అడగాల్సినవి వేరు. ఇంట్లో ట్యాబ్ ఎవరి దగ్గర ఉండేది, అక్క చేతిలోనా తమ్ముడి చేతిలోనా? స్క్రీన్ పగిలాక బాగుచేయించుకున్న ఇళ్లు ఏవి? మిరప కోతలకి వలస వెళ్లే ఇంట్లో అది ఏమైంది? పల్లెటూరి పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే 2024ది చూడండి, గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు, ఆ ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 36 శాతం, ఆడపిల్లలు 27 శాతం. మీ యాప్ రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఆడపిల్ల వాడుతుందని మీరు అనుకుంటే, ఆ టైమ్‌కి ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ముందు కనుక్కోండి.

ఖరీదైన టెక్నాలజీయే కావాలని కూడా లేదు. అదే కరోనాలో బోట్స్‌వానాలో బళ్లు మూతపడ్డప్పుడు సుమారు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. వారానికోసారి లెక్కలు ఎస్ఎంఎస్ పంపి ఊరుకుంటే పెద్ద ప్రయోజనం లేదు, దానితోపాటు టీచర్ ఇరవై నిమిషాలు మామూలు ఫోన్లో మాట్లాడితే పిల్లలు నేర్చుకున్నారు. బటన్ ఫోన్ చాలు.

ఇప్పుడు మీ తెలుగు ట్యూటర్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీరు మిగతావాళ్లకంటే ముందున్న చోటు అదే, దాన్ని మీరే సరిగ్గా వాడుకోలేదు. చదవడం నేర్చుకోవడం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో సింహభాగం ఇంగ్లిష్ మీద. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిపి పిల్ల గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సొనాలీ నాగ్ చేసిన పనిలో తేలింది ఏమిటంటే, అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది, పై తరగతులకి వచ్చినా చాలామంది ఇంకా తడబడుతూనే ఉంటారు. తెలుగు లిపి దానికి అక్కచెల్లెలు లాంటిదే, కానీ తెలుగు పిల్లల మీద ఇలాంటి పని పలచగా ఉంది. రెండో తరగతి పిల్ల 'పుస్తకం' చదువుతూ ఎక్కడ ఆగింది, ఒత్తు దగ్గరా, గుణింతం దగ్గరా, అసలు మాటే తెలియకనా అని ఫోన్ విని చెప్పగలిగితే, అది టీచర్ చేతికి పనికొచ్చే వస్తువు. దానికి పిల్లల గొంతులు, అదీ నల్లగొండ, శ్రీకాకుళం, చిత్తూరు యాసల్లో కావాలి. పెద్దవాళ్ల గొంతుల మీద తర్ఫీదైన స్పీచ్ మోడళ్లు చిన్నపిల్లల దగ్గర తడబడతాయి, ఏ పిల్లల దగ్గర ఎక్కువ తడబడతాయన్నది మళ్లీ మన పాత ప్రశ్నే, మేలు ఎవరికి అని.

ఇంకా ముందుకెళ్తే, ఆదిలాబాద్ గోండు పిల్లకి, పాడేరు కువి పిల్లకి తెలుగే రెండో భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. తెలుగు యాప్ అనగానే సమానత్వం వచ్చేసిందనుకునేవాళ్లు ఈ పిల్లల్ని లెక్కలో వేసుకోరు. ఇటు తెలుగు, అటు ఇంగ్లిష్ అచ్చేసిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, పిల్లలు ఏ పేజీ చదువుతున్నారో, టీచర్ ఏ పేజీ నుంచి చెప్తున్నారో చూసి రాసినా చక్కటి మాస్టర్స్ థీసిస్ అవుతుంది.

సరే, ఎక్కడ చేయాలి. ఇండియాలో అయితే మీ నేపథ్యానికి మొదట చూడాల్సింది ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ సెంటర్, అక్కడ 2010 నుంచి పీహెచ్‌డీ ఉంది, ఇంజనీరింగ్ వాళ్లని తీసుకుంటారు, తీసుకుని మనస్తత్వశాస్త్రం, పరిశోధన పద్ధతులు దగ్గరుండి నేర్పిస్తారు. ముంబైలోనే హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది, అక్కడ సైన్స్, లెక్కలు నేర్చుకోవడం మీద లోతైన పని జరుగుతుంది. టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వాళ్లు ఎంఐటీ, టాటా ట్రస్ట్స్‌తో కలిసి నడిపిన క్లిక్స్ ప్రాజెక్ట్ తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల ప్రభుత్వ హైస్కూళ్లలో నడిచింది, ఆ రిపోర్టులు చదవండి, కరెంటు, ల్యాబ్ తాళం చెవి, కంప్యూటర్ పీరియడ్ లాంటి అసలు అడ్డంకులన్నీ అందులో తెలుస్తాయి. హైదరాబాద్ వదలలేకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో విద్య, విద్యా సాంకేతికత విభాగం ఉంది. యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. జనరల్ కేటగిరీలో జేఆర్ఎఫ్‌కి వయసు పరిమితి 30 ఏళ్లు, మహిళలకీ రిజర్వేషన్ వర్గాలకీ ఐదేళ్ల సడలింపు ఉంది. మీ వయసు లెక్క వేసుకుని ఆలస్యం చేయకండి.

అమెరికా విషయంలో ఒకే ఒక్క మాట గట్టిగా చెప్తాను. పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్‌కి చాలాచోట్ల మీరే కట్టాలి. కార్నెగీ మెలన్‌లో మెటల్స్ అనే విద్యా సాంకేతికత మాస్టర్స్, హార్వర్డ్‌లో లెర్నింగ్ డిజైన్ కోర్సు, ఇవన్నీ ఏడాదిలో అయిపోయే మంచి కోర్సులు, కానీ పొలం తాకట్టు పెట్టి వెళ్లేవి కావు, ఎందుకంటే అవి ఉద్యోగానికి తయారుచేస్తాయి, పరిశోధనకి ఏడాది ఏం సరిపోతుంది? పరిశోధనే కావాలంటే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లండి. డిపార్ట్‌మెంట్ పేరు చూసి కంగారు పడొద్దు, ఈ పని చేసేవాళ్లు ఎడ్యుకేషన్‌లో ఉంటారు, కంప్యూటర్ సైన్స్‌లో ఉంటారు, ఇన్ఫర్మేషన్ స్కూల్లో ఉంటారు, ఆర్థికశాస్త్రంలో కూడా ఉంటారు. నార్త్‌వెస్టర్న్‌లో లెర్నింగ్ సైన్సెస్, కార్నెగీ మెలన్‌లో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, మిషిగన్‌లో ఇన్ఫర్మేషన్ స్కూల్ (తోయామా ఇప్పుడు అక్కడే) చూడండి. యూనివర్సిటీ ర్యాంకు కంటే గైడ్ ముఖ్యం. గత మూడేళ్లలో ఆయన లేదా ఆమె రాసిన పేపర్లు తీసి, డేటా ఏ పిల్లల నుంచి వచ్చిందో చూడండి. అంతా అమెరికా కాలేజీ కుర్రాళ్ల డేటానే అయితే నాలుగో ఏడాదిలో మీరు నల్లగొండ వెళ్తానంటే ప్రయాణం డబ్బులు కూడా దొరకవు.

డబ్బు సాయం గురించి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరు మీద పథకం ఉన్నాయి, 20 లక్షల వరకు ఇస్తారు, ఆదాయ పరిమితులు, దేశాల జాబితా అప్లై చేసే ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఒక మెలిక ఉంది, 2022 మార్గదర్శకాల్లో భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలకి అది వర్తించదని చేర్చారు. మన బడుల్లో అసమానత మీద పని చేయబోతున్నవాళ్లు అప్లికేషన్‌లో అంశం రాసేముందు ఆ వాక్యం దగ్గర పెట్టుకుని రాయాలి. అన్యాయమే, కానీ తెలిసి ఉండటం మేలు.

కోడింగ్ వాళ్లని తీసుకుంటారా అంటే ఎగిరి గంతేసి తీసుకుంటారు, లోటు వేరే వైపు ఉంటుంది. ఉద్యోగంలో ఉంటూనే గణాంకశాస్త్రం గట్టిగా చదవండి, రిగ్రెషన్, మల్టీలెవెల్ మోడళ్లు (పిల్ల, తరగతి, బడి అని పొరలున్న డేటాకి వాడేవి), ఐటెమ్ రెస్పాన్స్ థియరీ (జవాబుల నుంచి పిల్ల స్థాయిని, ప్రశ్న కష్టాన్ని కొలిచే పద్ధతి). యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అధ్యయనం ఉంది, ఆంధ్ర, తెలంగాణలో సుమారు 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి వెంటబడి చూస్తున్నారు, కులం, ఆస్తి, అమ్మ చదువు, పిల్లల మార్కులు అన్నీ అందులో ఉన్నాయి. రిజిస్టర్ చేసుకుంటే డేటా ఉచితంగా ఇస్తారు. మన ఊళ్ల పిల్లల మీద ఇంత మంచి డేటా ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. దాని మీద చిన్న విశ్లేషణ చేసి ఎనిమిది పేజీలు రాసి ప్రొఫెసర్‌కి పంపితే, గిట్‌హబ్‌లో ఇంకో చాట్‌బాట్ పెట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం.

దాంతోపాటు శనివారాలు ఒక బడికి వెళ్లండి, పాఠం చెప్పడానికి కాదు, వెనక బెంచీలో కూర్చోడానికి. ఇక్కడ పద్ధతి ఉంది, హెచ్‌ఎం మంచివారైనా ఎంఈఓ, డీఈఓ కాగితం లేకుండా పిల్లల నుంచి ఒక్క జవాబు కూడా తీసుకోకండి, రికార్డింగ్ అసలే వద్దు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి, యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అదనం. అనుమతులకి నెలలు పడుతుంది. జనవరి నుంచి పదో తరగతి హడావుడి, బడి మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది, అప్పుడు వెళ్తే ఎవరూ పలకరు. జులై నుంచి దసరా సెలవుల దాకా మంచి కాలం.

ఉద్యోగం సంగతి. మీ ఇప్పటి జీతంతో పోలిస్తే ఐదారేళ్లు తక్కువలోనే బతకాలి, ఇంట్లో ఈఎంఐలు ఉంటే ముందు అవి తేల్చుకోండి. తర్వాత అధ్యాపక ఉద్యోగాలు కొద్దిగా ఉంటాయి, కంపెనీల్లో రీసెర్చర్ పోస్టులు ఉంటాయి, ఫౌండేషన్లు, ప్రభుత్వాలతో పనిచేసే మూల్యాంకన సంస్థలు కోడ్ రాయగలిగి, ఫీల్డ్ తెలిసి, గణాంకాలు వచ్చిన మనిషి కోసం ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి, ఈ మూడూ ఒకే మనిషిలో దొరకడం అరుదు. మీ పాత కంపెనీ సీనియర్ ఆర్కిటెక్ట్ జీతం మాత్రం వీటిలో చాలావాటిలో రాదు.

అమెరికా డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి. ఎస్‌ఓపీలో ట్యూటర్ గురించిన పేరా మొత్తం తీసేసి, ఫలానా పిల్లలకి ఫలానాది ఎందుకు అందడం లేదు, దాన్ని నేను ఇలా కనిపెడతాను అని ఒక్క పేజీ రాసి పంపండి, చదివి ఎక్కడ పలచగా ఉందో చెప్తాను.